ఖాళీ ఖజానా, ముప్పై ఏళ్ల అమానత్
(సాలార్ జంగ్ దివానీ కాలం మనకు నేర్పే పాఠం)

సూరహ్ రూమ్ పారాయణం చేసే ఇళ్లలో రూమీయుల ఓటమి గురించి, కొద్ది సంవత్సరాల్లోనే వారికి దక్కిన గెలుపు గురించి తెలియనివారు ఉండరు. ఆ కాలపు రూమీ చక్రవర్తి హిరఖ్ల్. ఆయన 610లో గద్దెనెక్కిన తర్వాత కొన్నేళ్లకే సగం రాజ్యం పర్షియన్ల పాలైంది. 613లో దమస్కస్, 614లో జెరూసలేం పోయాయి. ఖజానాలో చిల్లిగవ్వ లేదు. హిరఖ్ల్ ఉద్యోగుల జీతాలు సగానికి తగ్గించాడు. చర్చీలలోని వెండి బంగారాలను అప్పుగా తీసుకుని నాణేలు కొట్టించాడు. 627లో నీనెవా దగ్గర పర్షియన్లను ఓడించి, పోయిన రాజ్యాన్ని తిరిగి సంపాదించాడు. కాని పదేళ్లు గడవకముందే, 636లో యర్మూక్ యుద్ధంతో సిరియా అతని చేయి దాటిపోయింది. భూమి తిరిగి వచ్చిందే గాని, దీర్ఘకాలపు యుద్ధాల్లో నలిగిన ఆ ప్రాంతాలు కోలుకోనేలేదు.

క్షీణించిన రాజ్యాన్ని నిలబెట్టడం అంటే ఏమిటి? పోయిన భూమిని గెలుచుకోవడమా? పోయిన నమ్మకాన్ని సంపాదించుకోవడమా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మనం దూరదేశాలకు వెళ్లనక్కరలేదు. మన పూర్వీకులు బ్రతికిన హైదరాబాద్ రాజ్యంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1853 నుంచి 1883 వరకు దివానుగా పనిచేసిన మీర్ తురాబ్ అలీ ఖాన్, అంటే మొదటి సాలార్ జంగ్ జీవితమే ఆ ఉదాహరణ.

సాలార్ జంగ్ అనగానే మనకు హైదరాబాద్‌లోని మ్యూజియం గుర్తుకు వస్తుంది. ఆ వస్తువులలో ఎక్కువ భాగం సేకరించినవారు ఆయన మనుమడు, మూడవ సాలార్ జంగ్. తాతగారు కూడగట్టింది వేరు. ఆయన ఒక రాజ్యపు పరువును కూడగట్టారు. నేటి వ్యాసంలో ఆ సంగతే చెప్పదలచాము.

రాజ్యం ఎలా చితికింది?

ఏ రాజ్యమూ ఒక్క రోజులో కూలదు. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్ట్ ఇండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నారు. కంపెనీ సైన్యం రాజ్యాన్ని కాపాడుతుంది, దాని ఖర్చు నిజాం భరించాలి. ఆ ఖర్చు కిందనే 1800లో నేటి రాయలసీమలోని అధిక భాగం, బళ్లారి ప్రాంతం కంపెనీకి ఇచ్చివేయవలసి వచ్చింది. వాటినే దత్త మండలాలు అన్నారు.

అంతటితో ఆగలేదు. రెసిడెంట్ హెన్రీ రస్సెల్ కాలంలో మరో సైన్యం తయారైంది. అదే తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అనే పేరుతో స్థిరపడింది. పేరు హైదరాబాద్‌ది, అధికారులు ఆంగ్లేయులు, జీతాలు నిజాం ఖజానావి. దాని ఖర్చు ఏటా దాదాపు 40 లక్షల రూపాయలు. ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? నాటి పేష్కారు మహారాజా చందూలాల్ అప్పుల దారి పట్టారు. పామర్ అండ్ కంపెనీ అనే వ్యాపార సంస్థ నూటికి 24, 25 చొప్పున వడ్డీ తీసుకుంటూ సర్కారుకు అప్పులిచ్చింది. రెసిడెంట్‌గా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఈ వ్యవహారాన్ని బయటపెట్టేనాటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. పామర్ బాకీ తీర్చడానికి, ఉత్తర సర్కారుల నిమిత్తం కంపెనీ ఏటా చెల్లిస్తున్న 7 లక్షల పేష్కష్‌ను నిజాం శాశ్వతంగా వదులుకున్నారు. ఒక అప్పును తీర్చడానికి ఎన్నటికీ రావలసిన రాబడిని అమ్ముకోవడమే ఇది.

ఇక గ్రామాల పరిస్థితి. శిస్తు వసూలును సర్కారు గుత్తకు ఇచ్చేది. ఎవరు ఎక్కువ మొత్తం ముందుగా చెల్లిస్తే వారే ఆ తాలూకాకు తాలూక్‌దారు. చింతచెట్టును ఒక్క ఏటికి గుత్తకు పట్టినవాడు వచ్చే ఏటి కాపు గురించి ఆలోచిస్తాడా? కొమ్మలు విరిచైనా కాయ రాల్చుకుంటాడు. రైతు విషయంలోనూ అదే జరిగింది. పైగా ఈ ఏటి గుత్తేదారుకు రేపు ఎవరో ఒకరు ఎక్కువ పాడితే ఊడిపోతామన్న భయం. ఆ భయమంతా రైతు వీపు మీదనే పడేది. జీతాలు అందని అరబ్బు, రోహిల్లా సైనికుల సర్దార్లు, సాహుకార్లు తమ బాకీల కింద తాలూకాలనే తాకట్టు పట్టుకుని కూర్చున్నారు. రాజ్యం నిజాందే, కాని దాని రాబడి అప్పులవారిది.

కంటింజెంట్ జీతాలు నిజాం చెల్లించలేకపోయినప్పుడల్లా కంపెనీ తన ఖజానా నుంచి ఇచ్చి, దాన్ని నిజాం పేరిట బాకీగా రాసుకుంది. దాని మీద వడ్డీ నడిచింది. చివరకు 1853 మే 21న గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒత్తిడితో ఒప్పందం కుదిరింది. పత్తి పండే సంపన్నమైన బేరార్, దానితో పాటు ధారాశివ్, రాయచూర్ దోఆబ్ కంపెనీ చేతికి వెళ్లాయి. యుద్ధం జరగలేదు. ఒక్క తుపాకీ పేలలేదు. బాకీ పత్రం ఒక్కటే ఇంత రాజ్యాన్ని తీసుకుపోయింది.

ఇరవై నాలుగేళ్ల దివాను

ఒప్పందం మీద సిరా ఆరకముందే దివాను సిరాజుల్ ముల్క్ మరణించారు. ఆయన సోదరుని కుమారుడు మీర్ తురాబ్ అలీ ఖాన్ మే 31న దివాను అయ్యారు. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లు. అంతకుముందు కొద్ది నెలలు ఖమ్మం ప్రాంతంలో తాలూక్‌దారుగా పనిచేసిన అనుభవం ఆయనకు ఉంది. రైతు దగ్గర బయలుదేరిన రూపాయి దారిలో ఎన్ని చేతులు మారి ఖజానాకు చేరుతుందో ఆయన అక్కడ చూశారు.

కరవు రానున్న దేశంలో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) రాజు దగ్గర ఏ బాధ్యత కోరారో పాఠకులు గుర్తు చేసుకోవాలి. ఆయన సైన్యాధిపత్యం కోరలేదు, ధాన్యాగారాల బాధ్యత కోరారు. దానికి తనకున్న అర్హతలుగా రెండు గుణాలు చెప్పారు. ఒకటి కాపాడే గుణం, అంటే అమానత్. రెండవది తెలివిడి, అంటే ఆ పనికి సంబంధించిన ఇల్మ్. నిజాయితీ ఉండి లెక్క తెలియకపోతే ఖజానా నిలవదు. లెక్క తెలిసి నిజాయితీ లేకపోతే అసలే నిలవదు. సాలార్ జంగ్‌ను ప్రవక్తతో పోల్చడం మా ఉద్దేశం కాదు. ఖజానా పనికి ఖుర్ఆన్ చూపిన కొలబద్ద ఏమిటో గుర్తు చేయడమే మా ఉద్దేశం.

ముందుగా ఇల్లు చక్కబెట్టుకోవడం

కొత్త దివాను బేరార్ కోసం వెంటనే పోరు మొదలుపెట్టలేదు. ఇంట్లో ఉన్న చిల్లులు పూడ్చడం మొదలుపెట్టారు. ఆయన చేసిన పనుల వరుస చూడండి.

మొదటిది, తాకట్టు విడిపించడం. అరబ్బు సర్దార్లతో, సాహుకార్లతో ఒక్కొక్కరి లెక్క తేల్చుకుంటూ, బాకీ తీరుస్తూ తాలూకాలను సర్కారు చేతికి తీసుకున్నారు. బలప్రయోగం కంటే లెక్కాచారం, వాయిదాల మీద మాట నిలబెట్టుకోవడం ఎక్కువ పనిచేశాయి. నిన్నటి దాకా సర్కారు మాటను ఎవరూ నమ్మేవారు కాదు. ఇచ్చిన తేదీకి డబ్బు అందడం మొదలైన తర్వాత, తక్కువ వడ్డీకే అప్పు ఇవ్వడానికి సాహుకార్లు ముందుకు వచ్చారు.

రెండవది, గుత్తేదారుల స్థానంలో జీతగాళ్లను పెట్టడం. వేలం పాడిన వ్యక్తికి బదులు నెల జీతం తీసుకునే అధికారి వచ్చాడు. ధాన్యం రూపంలో భాగం తీసుకునే చోట్ల క్రమంగా నగదు శిస్తు ఏర్పరిచారు.

మూడవది, జిల్లాబందీ. 1864లో మాల్‌గుజారీ మజ్లిస్ ఏర్పడింది. 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విభజించారు. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్దారు. నేడు వర్ని నిజామాబాద్ జిల్లాలోను, బాన్సువాడ 2016 నుంచి కామారెడ్డి జిల్లాలోను ఉన్నాయి. నాడు ఈ సీమ అంతా ఇందూరు. తహసీల్ ఆఫీసుకు పోయి వచ్చామని మన పెద్దలు చెప్పుకునే మాట, జిల్లా, తాలూకా, కచేరీ, పేష్కార్ వంటి పదాలు మన తెలుగులో అంతగా పాతుకుపోవడానికి ఆనాటి పాలనా వ్యవస్థే కారణం. 1870లలో బొంబాయి పద్ధతిలో భూముల కొలత, శిస్తు నిర్ణయం కూడా మొదలయ్యాయి.

నాలుగవది, నాణెం. రాజ్యంలో పలుచోట్ల పలువురు నాణేలు కొట్టించేవారు. ఒక ఊరి రూపాయికి మరో ఊర్లో వేరే విలువ ఉండేది. ఆ టంకశాలలను మూయించి, హైదరాబాద్ టంకశాల నుంచి వెలువడే హాలీ సిక్కాను అంతటా చెల్లేలా చేశారు. తూకంలో మోసం చేసేవారిని ఖుర్ఆన్ ఎంత కఠినంగా హెచ్చరించిందో మనకు తెలుసు. నాణెం కూడా ఒక తూకమే. దాని విలువ ఊరూరా మారితే నష్టపోయేది పేదవాడే.

ఐదవది, న్యాయం. దీవానీ, ఫౌజ్‌దారీ అదాలత్‌లు, వాటిపై అప్పీలు వినే కచేరీ ఏర్పడ్డాయి. బాకీ ఉన్నవాడిని పట్టుకుపోయి సొంత ఇంట్లో బంధించే అరబ్బు జమాదార్ల అలవాటుకు కళ్లెం పడింది. జిల్లాల్లో పోలీసు ఏర్పడింది.

ఆరవది, చదువు. దివాను అయిన కొద్ది సంవత్సరాలకే హైదరాబాద్‌లో మదర్సా దారుల్ ఉలూమ్ ప్రారంభమైంది. అరబీ, ఫార్సీలతో పాటు తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు కూడా అక్కడ నేర్పేవారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడడానికి ఈ మదర్సా వేసిన పునాది కూడా ఒక కారణం. నవాబుల పిల్లల కోసం 1873లో మదర్సా ఆలియా వచ్చింది. ఉత్తరాది నుంచి సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహ్సినుల్ ముల్క్, విఖారుల్ ముల్క్, డిప్యూటీ నజీర్ అహ్మద్ వంటి పండితులను, పాలనాదక్షులను పిలిపించారు. ఉర్దూ సాహిత్యం చదివినవారికి ఈ పేర్లు పరిచయమే. 1869లో రాజ్యపు మొదటి తపాలా బిళ్ల వెలువడింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది.

ఈ పనులలో ఒక్కటీ గొప్పగా చెప్పుకునే యుద్ధం కాదు. వీటి మీద కథలు అల్లి ఎవరూ పాడలేదు. అయినా రాజ్యం నిలబడింది వీటి మీదనే.

1857: చెల్లించిన మూల్యం

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే చరిత్రకు న్యాయం చేసినవాళ్లం కాము. 1857 జూలై 17న మౌల్వీ అలాఉద్దీన్, తుర్రేబాజ్ ఖాన్‌ల నాయకత్వంలో రోహిల్లాలు, నగర ప్రజలు రెసిడెన్సీ మీద దాడి చేశారు. సాలార్ జంగ్ ముందుగానే రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు కబురు పంపారు. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకుని, 1859లో తూప్రాన్ దగ్గర కాల్పుల్లో మరణించారు. ఆయన మృతదేహాన్ని నగరంలో వేలాడదీశారు. మౌల్వీ అలాఉద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆ ద్వీపంలోనే ఆయన కన్నుమూశారు.

నగరంలో దివాను మీద ఆగ్రహం రగిలింది. 1859 మార్చిలో దర్బారు నుంచి రెసిడెంట్‌తో కలిసి బయటికి వస్తుండగా ఆయనపై హత్యాప్రయత్నం జరిగింది. 1868లో మరోసారి ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒకరి దృష్టిలో ఆయన రాజ్యాన్ని కాపాడారు. నాగపూర్, అవధ్, ఝాన్సీలకు పట్టిన గతి హైదరాబాద్‌కు పట్టకుండా చూశారు. మరొకరి దృష్టిలో ఆయన పరాయి పాలనకు ఊతమిచ్చారు. ఈ రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఒక విషయం గమనించాలి. 1857లో ఆయన చేతులు అప్పటికే కట్టివేసి ఉన్నాయి. రాజధాని పక్కనే సికింద్రాబాద్‌లో కంపెనీ సైన్యం ఉంది. కంటింజెంట్ ఆంగ్లేయ అధికారుల చేతిలో ఉంది. బేరార్ రాబడి వారి దగ్గరే ఉంది. అప్పు మనిషి దగ్గర నుంచి మొదట తీసుకునేది డబ్బు కాదు, తన ఇష్టం ప్రకారం నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ.

తిరిగి రాని బేరార్

1860లో కొత్త ఒప్పందం జరిగింది. ధారాశివ్, రాయచూర్ దోఆబ్ తిరిగి వచ్చాయి. సురపురం కూడా నిజాంకు దక్కింది. 50 లక్షల బాకీని రద్దు చేశారు. బేరార్ మాత్రం బ్రిటిష్ వారి దగ్గరే ఉండిపోయింది.

సాలార్ జంగ్ దాన్ని మరచిపోలేదు. 1869లో అఫ్జలుద్దౌలా మరణించి, రెండున్నరేళ్ల మహబూబ్ అలీ ఖాన్ గద్దెనెక్కినప్పుడు సాలార్ జంగ్ సహ రాజప్రతినిధి అయ్యారు. ఆ తర్వాత లేఖ మీద లేఖ రాశారు. కంటింజెంట్ ఖర్చుకు సరిపడే సొమ్మును ముందుగానే జమ చేస్తామని, బేరార్ అప్పగించమని అడిగారు. ఖజానా ఇప్పుడు ఆ మాట అనగల స్థితికి వచ్చింది. అయినా జవాబు మారలేదు. 1876లో ఆయన స్వయంగా ఇంగ్లండ్ వెళ్లారు. దారిలో పారిస్‌లో హోటల్ మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరిగింది. ఆ నొప్పితోనే లండన్ చేరారు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ పట్టం ఇచ్చింది, లండన్ నగరం సన్మానించింది. బేరార్ మాత్రం ఇవ్వలేదు. మ్యూజియంలో మనం చూసే ముసుగు రెబెక్కా విగ్రహం ఆ ప్రయాణంలో ఆయన రోమ్‌లో కొన్నదే. వెళ్లిన పని కాలేదు, విగ్రహం మాత్రం వచ్చింది.

పైగా ఆ పట్టుదలకు శిక్ష కూడా పడింది. 1877లో సహ రాజప్రతినిధి మరణించగా, వైస్రాయ్ లిట్టన్ సాలార్ జంగ్‌కు ఇష్టం లేకపోయినా ఆయన ప్రత్యర్థి విఖారుల్ ఉమరాను ఆ స్థానంలో కూర్చోబెట్టారు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి సాలార్ జంగ్ కన్నుమూశారు. హైదరాబాద్‌లోని దాయిరా మీర్ మోమిన్‌లో ఆయనను ఖననం చేశారు. 1902లో కర్జన్ కాలంలో బేరార్ ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు కింద వెళ్లిపోయింది. 1936లో నిజాం వారసుడికి ప్రిన్స్ ఆఫ్ బేరార్ అనే బిరుదు దక్కింది. పేరు ఇంటికి వచ్చింది, భూమి రాలేదు. ఆ సీమ నేడు మహారాష్ట్రలోని విదర్భలో భాగం.

అసంపూర్ణంగా మిగిలినవి

సాలార్ జంగ్ సంస్కరణలు దీవానీ ఇలాఖాకే పరిమితం. నిజాం సొంత సర్ఫేఖాస్ భూములు, పాయెగాలు, జాగీర్లు, సంస్థానాలు వాటికి బయట ఉండిపోయాయి. శిస్తు వసూలు నుంచి తప్పించిన దేశ్‌ముఖ్‌లకు రుసుములు ఇచ్చారు. కొలతల కాలంలో వారిలో చాలామంది మంచి భూములను తమ పేర రాయించుకున్నారు. దాని ఫలితాన్ని తెలంగాణ రైతులు 1940ల దాకా అనుభవించారు. మంచి పని కూడా సగంలో ఆగితే కొత్త బాధకు దారి తీస్తుందని ఇది చెబుతున్నది.

అయినా ఆయన నిలబెట్టిన ఖజానా తర్వాతి తరాలకు అక్కరకు వచ్చింది. 1923 నుంచి 1931 వరకు మంజీర మీద నిజాంసాగర్ కట్టిన రాజ్యం, ఎనభై ఏళ్ల కిందట సైనికులకు జీతాలు ఇవ్వలేక తాలూకాలు తాకట్టు పెట్టిన రాజ్యమే. వర్ని, బాన్సువాడ, బోధన్ పొలాల్లో కాలువ నీళ్లు పారేటప్పుడు ఈ సంగతి తలచుకోవడం మంచిది.

మన ఇళ్లకు పాఠాలు

ప్రియ పాఠకులారా! రాజ్యం పెద్ద ఇల్లు, ఇల్లు చిన్న రాజ్యం. ఈ చరిత్ర నుంచి మనం తీసుకోవలసిన పాఠాలు ఇవి.

1. అప్పు మొదట చిన్నదిగానే కనిపిస్తుంది. పెళ్లి ఖర్చు కోసమో, పేరు కోసమో వడ్డీకి తెచ్చిన డబ్బు చివరకు ఇంటి పట్టాను తీసుకుపోతుంది. దైవప్రవక్త (స) నమాజులో రుణభారం నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు. కారణం అడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, వాగ్దానం చేస్తే తప్పుతాడని వివరించారు. చందూలాల్ కాలపు సర్కారుకు జరిగింది సరిగ్గా అదే.

2. లెక్క రాయండి. సూరహ్ బఖరహ్‌లో రుణ వ్యవహారాన్ని రాసి పెట్టుకోవలసిందిగా ఆదేశించే ఆయతు మొత్తం ఖుర్ఆన్‌లోనే పొడవైనది. అన్నదమ్ముల మధ్య కూడా నోటి మాట మీద వదిలివేయకండి.

3. మీరు అప్పిచ్చినవారైతే, ఇబ్బందిలో ఉన్నవారికి గడువు ఇవ్వండి. అదే సూరహ్ గడువు ఇవ్వమని చెప్పి, వదిలివేస్తే మరీ మేలని బోధించింది. కంపెనీ గడువు ఇవ్వలేదు, అవకాశం చూసుకుంది. ఆ నడత మనది కాకూడదు.

4. ముందు చిల్లు పూడ్చండి, తర్వాత పోయినదాని కోసం పోరాడండి. పంచాయితీలకు, కోర్టులకు తిరిగే ముందు ఇంటి నెలసరి ఖర్చు ఎక్కడ కారిపోతున్నదో చూడండి.

5. కొన్ని నష్టాలు ఎంత మంచివాడు ప్రయత్నించినా తిరిగి రావు. అందుకే నష్టం జరగకముందే మేలుకోవాలి. ఒక జాతి తనలోని స్థితిని తాను మార్చుకోనంతవరకు అల్లాహ్ దాని స్థితిని మార్చడని సూరహ్ రఅద్ బోధిస్తున్నది. సాలార్ జంగ్ మార్చగలిగింది తన ఇంటి లోపలి స్థితిని. తన చేతిలో ఉన్నంతవరకు ఆయన దానిని మార్చి చూపారు.

అల్లాహ్ మనందరినీ రుణభారం నుంచి కాపాడుగాక! మన చేతుల్లో పెట్టిన ప్రతి అమానత్‌ను, అది రాజ్యమైనా, జమాఅత్ నిధి అయినా, ఇంటి బియ్యపు డబ్బా అయినా, నిజాయితీగా నిర్వహించే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.